ఇండియానాపోలిస్ 2005: నరైన్ నాలుగో స్థానం లెక్కలోకి వస్తుందా, రాదా?

నీలి హెల్మెట్:
ఫార్ములా వన్‌లో ఒక భారతీయ డ్రైవర్ పాయింట్లు సాధించింది ఇప్పటివరకు ఒకే ఒక్క రేసులో. 2005 జూన్ 19న ఇండియానాపోలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రీలో జోర్డాన్ జట్టు కారు నడిపిన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో నిలిచి 5 పాయింట్లు అందుకున్నాడు. ఆ మాట ఎత్తితే చాలు, "ఆ రోజు పరుగెత్తినవి ఆరు కార్లే కదా" అని ఎవరో ఒకరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. అవి న్యాయంగా వచ్చిన పాయింట్లే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గళ్ల జెండా:
నేను కాదంటాను. ఆ రేసు నేను చూశాను. మనకు రాత్రి పదకొండున్నర. ఇరవై కార్లూ ఫార్మేషన్ ల్యాప్‌కు, అంటే రేసు మొదలయ్యే ముందు వేసే చుట్టుకు కదిలాయి. చివరి మలుపు దాటాక పోల్ పొజిషన్‌లో, అంటే అందరికంటే ముందు గడిలో ఉన్న ట్రుల్లి గ్రిడ్ (కార్లు బయల్దేరే గడుల వరుస) మీదికి రాకుండా పిట్ లేన్ (కార్లు ఆగే పక్కదారి) లోకి తిరిగాడు. వెనకే రెనో, మెక్‌లారెన్, విలియమ్స్... ఒకదాని తర్వాత ఒకటి పద్నాలుగు కార్లు లోపలికి వెళ్లిపోయాయి. ముందు రెండు ఫెరారీలు, ఎక్కడో వెనక రెండు జోర్డాన్‌లు, రెండు మినార్డీలు. మధ్యలో అంతా ఖాళీ గడులే. జనం కేకలు వేశారు, ట్రాక్ మీదికి సీసాలు విసిరారు. ఆ తర్వాత, తప్పుకున్న కార్లకు టైర్లిచ్చిన మిషెలిన్ ప్రేక్షకులకు టికెట్ డబ్బులు వాపసు ఇచ్చింది. డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చిన పోటీలో వచ్చిన స్థానాన్ని ఏ మొహంతో చెప్పుకుంటాం?

టైరు వాసన:
13వ మలుపు సంగతి చెప్పుకోకుండా ఈ వాదన తేలదు. అక్కడి ఓవల్ (అండాకార) ట్రాక్‌లోని మొదటి మలుపునే ఫార్ములా వన్ కార్లు ఎదురు దిశలో తిరిగేవి. అది వాలుగా కట్టిన మలుపు. యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా దాటాలి, భారమంతా వెనక ఎడమ టైరు మీద పడుతుంది. దానికి తోడు ఆ ఏడాది నియమం ఒకటి: గ్రిడ్ స్థానాలు తేల్చే క్వాలిఫైయింగ్‌కూ రేసుకూ ఒకటే సెట్ టైర్లు, మధ్యలో మార్చకూడదు. శుక్రవారం ప్రాక్టీసులో రాల్ఫ్ షుమాకర్ టొయోటాకు సరిగ్గా ఆ టైరే పోయి కారు గోడను గుద్దుకుంది. ఈ టైర్లు పది ల్యాప్‌లకు మించి ఆగుతాయని చెప్పలేమని మిషెలిన్ తేల్చింది. రేసేమో 73 ల్యాప్‌లు. తప్పు మిషెలిన్‌దే, సందేహం లేదు. అయినా ప్రాణాల మీదికి వస్తుందని తెలిసి డ్రైవర్లను ట్రాక్ మీదికి పంపమని ఆ ఏడు జట్లతో ఎవరనగలరు? తప్పుకున్నవాళ్లను నేను తప్పుపట్టను.

గళ్ల జెండా:
నేనూ పట్టను. నా బాధ వేరు. ఆ మలుపు ముందు చికేన్ (కార్లను నెమ్మదింపజేసే వంకర మలుపులు) పెట్టి వేగం తగ్గిద్దామని ప్రతిపాదన వచ్చినప్పుడు పది జట్లలో తొమ్మిది సరేనన్నాయి. జోర్డాన్ కూడా అందులో ఉంది. కలిసిరానిది ఫెరారీ ఒక్కటే. పోటీల నియమాలు చూసే సంస్థ ఎఫ్ఐఏ కుదరదనగానే జోర్డాన్ మాట మార్చి గ్రిడ్ మీదికి వచ్చింది. దాన్ని చూసి మినార్డీ కూడా దిగింది. తోటివాళ్లు పక్కకు తప్పుకున్నాక దొరికిన స్థానం అది.

నీలి హెల్మెట్:
జట్టు నిర్ణయాన్ని డ్రైవర్ నెత్తిన రుద్దకండి. నరైన్‌కు అది ఫార్ములా వన్‌లో మొదటి సంవత్సరం. దిగమంటే దిగాలి.

ఎఫ్ఐఏ కుదరదనడంలోనూ న్యాయం ఉంది. మిగతా మూడు జట్లకు టైర్లిచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ ఆ ట్రాక్‌కు తగ్గ టైరు తెచ్చింది. సరైన సరుకు తెచ్చినవాణ్ని పక్కన పెట్టి, తేనివాడి కోసం ఎవరూ పరీక్షించని చికేన్‌ను రాత్రికి రాత్రి కడతారా? ఆ మలుపులో నెమ్మదిగా వెళ్లండి, లేదా ప్రతి ల్యాప్‌లో పిట్ లేన్ గుండా పోండి అని దారి చూపారు. ఆ దారి వాళ్లకు నచ్చలేదు. 73 ల్యాప్‌లు నిలబడే టైరు ఉండటం కూడా రేసులో భాగమే. ఇంజిన్ పేలి నలుగురు ఆగిపోతే ఐదోవాడి స్థానాన్ని కొట్టివేస్తామా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఆ రోజు గెలిచింది మైకేల్ షుమాకర్. ఆ ఏడాది మొత్తంలో అతనికి దక్కిన ఒకే ఒక్క గెలుపు అది. అతని 91 విజయాల్లో 84వది. 2020లో హామిల్టన్ ఆ రికార్డును దాటినప్పుడు 92 గెలిచాకే దాటాడన్నారు. ఇండియానాపోలిస్‌ను తీసేసి 90 దగ్గర లెక్క ఆపినవాణ్ని నేను చూడలేదు. మొదటి స్థానం నిజమైతే నాలుగో స్థానం ఎలా అబద్ధమవుతుంది?

గళ్ల జెండా:
ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ షుమాకర్ గొప్పతనం ఆ ఒక్క గెలుపు మీద నిలబడి లేదు. మనం నరైన్ గురించి చెప్పేదంతా దాని మీదే నిలబెడుతున్నాం.

పదమూడో మలుపు:
మీరిద్దరూ వదిలేసిన పేరు ఒకటుంది, టియాగో మోంటేరో. అదే జోర్డాన్, అదే టొయోటా ఇంజిన్, అవే టైర్లు. గ్రిడ్‌లో అతను 17, నరైన్ 19. ఫెరారీలు అందవని అందరికీ తెలుసు. మూడో స్థానం మాత్రం ఇద్దరిలో ఎవరికైనా దక్కేది, దాన్ని మోంటేరో పట్టుకున్నాడు. పోడియం మీద ఫెరారీ డ్రైవర్లు షుమాకర్, బారికెల్లో షాంపేన్ జోలికి పోలేదు, మొహాలు ముడుచుకుని దిగిపోయారు. మోంటేరో ఒక్కడే ఉండి సీసా విప్పి తనివితీరా చిమ్ముకున్నాడు. నాకు మిగిలిన బాధ పద్నాలుగు కార్లు వెళ్లిపోయినందుకు కాదు, అక్కడ మనవాడు లేనందుకు.

నీలి హెల్మెట్:
ఆ దృశ్యం నన్నూ ఏళ్ల తరబడి వదల్లేదు. అయితే గ్రిడ్‌లో నరైన్‌కు ఒక గడి ముందున్న ఆల్బర్స్ మినార్డీ చివరికి ఐదోది అయింది, అదీ నరైన్ కంటే ఒక ల్యాప్ వెనక. మోంటేరోతో ఓడిపోయాడు, ఆల్బర్స్‌ను గెలిచాడు. ఓటమిని మీరు నిజమంటున్నప్పుడు గెలుపును కూడా నిజమనండి. 2010లో కరుణ్ చందోక్ వచ్చాడు, 2011, 2012లో నరైన్ మళ్లీ వచ్చి హెచ్‌ఆర్‌టీ జట్టు కారెక్కాడు. ఒక్క పాయింటూ రాలేదు. భారతీయ డ్రైవర్ల పేరిట ఈరోజుకీ ఉన్నవి ఆ 5 పాయింట్లే.