లైవ్ డ్రాఫ్టుకు గోడ మీద బోర్డు ఉండాలా, టీవీ తెర చాలా?

ఫ్రిస్కో కమిషనర్:
అందరికీ నమస్కారం. మా ఫాంటసీ ఫుట్‌బాల్ లీగులో పన్నెండు మందిమి ఉన్నాం, నేను దాని కమిషనర్‌ను, అంటే నిర్వాహకుణ్ణి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లలోంచి ఒక్కొక్కరం ఒక ఊహాజట్టును ఎంచుకుని, అసలు ఆటల్లో వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు లెక్కించుకునే పోటీ ఇది. వంతులవారీగా ఆ ఎంచుకోవడమే డ్రాఫ్టు. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతంలో మా గ్యారేజీలో కూర్చుని డ్రాఫ్టు చేసుకోవడం తొమ్మిదేళ్ల ఆనవాయితీ. గోడకు కాగితపు బోర్డు అంటించి, ఎవరు ఏ ఆటగాణ్ణి పిలిస్తే ఆ స్టిక్కరు వారి నిలువు వరుసలో అతికిస్తూ వచ్చాం. పన్నెండు వరుసలు, పదహారు రౌండ్లు, మొత్తం 192 గళ్లు. ఈ ఏడు నలుగురు సభ్యులు బోర్డు మానేద్దామంటున్నారు. లాప్‌టాప్‌లోని యాప్‌ను టీవీకి కలిపితే సరిపోతుందని వాళ్ల వాదన.

వాళ్లు ఊరికే అనడం లేదు. పోయిన ఏడు నాలుగో రౌండులో ఒకరు టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడే ఒక ఆటగాడి పేరు పిలిచారు. సరిగ్గా అప్పుడే భోజనం వచ్చింది. బిర్యానీ ట్రేలు లోపలికి మోయడానికి ముగ్గురు లేచారు, వారిలో స్టిక్కర్లు అతికించే మనిషీ ఉన్నారు. తిరిగి వచ్చేసరికి తరువాతి వంతు నడుస్తోంది. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఆరో రౌండులో ఇంకొకరు అదే ఆటగాణ్ణి పిలిచారు. స్టిక్కరు షీటు మీదే ఉంది కాబట్టి తీసి అతికించేశారు. మొదట పిలిచినవారు అప్పుడు గదిలో లేరు, ఫోను మాట్లాడుతూ బయట ఉన్నారు. ఎనిమిదో రౌండులో గానీ ఖాళీ గడి ఎవరి కంటా పడలేదు. ఇరవై నిమిషాలు వాదన జరిగింది. మొదట పిలిచినవారిదే అని తీర్పు చెప్పాను. రెండో ఆయన వేరే ఆటగాణ్ణి తీసుకున్నారు గానీ, డ్రాఫ్టు ముగిశాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ సంగతి ఏడాదిగా నన్ను బాధపెడుతూనే ఉంది.

యాప్ ఉంటే ఇది జరిగేది కాదు, ఒప్పుకుంటాను. అయినా నా మనసు బోర్డు వైపే ఉంది. ఆదివారంలోగా తేల్చాలి. మీ లీగుల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.

తెరపక్షం, ఎడిసన్:
మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. ఒకసారి తీసుకున్న ఆటగాణ్ణి యాప్ మళ్లీ ఎవరికీ ఇవ్వదు. వంతు ఎవరిదో అదే చెబుతుంది. ముఖ్యంగా స్నేక్ పద్ధతిలో, పోయిన సాలు పక్కనే నాగలి తిప్పుకుని వెనక్కి వచ్చినట్టు, ఒక రౌండు ఎడమ నుంచి కుడికి, మరుసటి రౌండు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పన్నెండో మనిషికి వరుసగా రెండు వంతులు వస్తాయి. రాత్రి పది దాటాక ఈ దిశ ఎంతమందికి గుర్తుంటుంది?

ఇంకో సంగతి. స్టిక్కర్లు సీజన్‌కు చాలా ముందే అచ్చవుతాయి, వార్తలు ఆగవు. 2019 ఆగస్టు 24 శనివారం మా డ్రాఫ్టు. ఇండియానాపొలిస్ జట్టు ప్రీసీజన్ ఆట ఆడుతుండగానే, ఆ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 29 ఏళ్లకే ఆటకు వీడ్కోలు పలుకుతున్నాడన్న వార్త వచ్చింది. ఆ స్టిక్కరు అప్పటికే మా బోర్డు మీద ఉంది. అదే రోజు డల్లాస్‌తో ఆటలో హ్యూస్టన్ జట్టులో బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ లమార్ మిల్లర్ మోకాలి లిగమెంటు తెగి ఆ సీజన్‌కే దూరమయ్యాడు. సరిగ్గా వారం తరువాత, లేబర్ డే వారాంతంలోనే, లషాన్ మెకాయ్‌ని బఫలో వదులుకుంటే కాన్సస్ సిటీ చేర్చుకుంది. స్టిక్కరు మీద మాత్రం బఫలో అనే ఉంటుంది. దాన్ని నమ్మి ఎంచుకున్నవాడి గతి ఏమిటి?

ఫ్రీమాంట్ పాతకాపు:
ఎడిసన్ గారూ, మీరు రెండు పనులను కలిపేస్తున్నారు. ఆటగాడి సంగతి తెలుసుకోవడం ఒక పని. దానికి ప్రతివారి చేతిలో ఫోను ఉంది, ముందే రాసుకున్న జాబితా ఉంది. ఈ గదిలో ఎవరు ఏమి తీసుకున్నారో అందరూ ఒకేసారి చూడడం రెండో పని. బోర్డు ఉన్నది ఈ రెండో పనికే.

ఈ ఆట పుట్టిందే ఒక గదిలో. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్, జట్టు వెంట న్యూయార్క్ వెళ్లినప్పుడు హోటల్ గదిలో మరికొందరితో కూర్చుని దీని నియమాలు రాశారు. మరుసటి ఏడు ఓక్లాండ్‌లో ఆయన ఇంట్లో ఎనిమిది జట్లు మొదటి డ్రాఫ్టు చేసుకున్నాయి. మొట్టమొదట పిలిచిన పేరు జార్జ్ బ్లాండా. బంతి విసిరేదీ ఆయనే, కిక్ కొట్టేదీ ఆయనే, అందుకని. మేము ఉండే చోటు నుంచి ఓక్లాండ్ ఎంతో దూరం కాదు. ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ ఎనిమిది జట్ల వాళ్లే గుర్తుకు వస్తారు. అసలు ఎన్ఎఫ్ఎల్ కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే తన మొదటి డ్రాఫ్టును 1936లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిపినప్పుడు కూడా తొంభై మంది పేర్లు నల్లబల్ల మీద రాసిపెట్టారు. అందరి కళ్లూ ఒకే బల్ల మీద.

ఇక ఆటలో బోర్డు చేసే మేలు. క్వార్టర్‌బ్యాక్‌కు ఒక రంగు, రన్నింగ్ బ్యాక్‌కు ఒకటి, విసిరిన బంతిని పట్టే వైడ్ రిసీవర్‌కు ఇంకొకటి. అయిదో రౌండు మధ్యలో టైట్ ఎండ్ స్టిక్కరు ఒకటి పడుతుంది. రెండు వంతుల తరువాత అదే రంగు మరొకటి. మూడోది పడేసరికి గదిలో మాటలు తగ్గుతాయి. ఇంకా టైట్ ఎండ్ లేనివాళ్లు కుర్చీ అంచుకు జరుగుతారు. ఒకే స్థానం మీద అందరూ ఎగబడడం అలాగే మొదలవుతుంది. దాన్ని ముందే పసిగట్టినవాడు ఆ తొక్కిసలాటలో పడకుండా, అందరూ వదిలేసిన మంచి రిసీవర్‌ను తీసుకుంటాడు. నా తరువాత వంతు వచ్చే ఇద్దరికీ అప్పటికే క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నారని బోర్డు మీద కనిపిస్తే, నేను క్వార్టర్‌బ్యాక్ కోసం ఇంకో రౌండు ఆగగలను. ఆ లెక్క గోడ మీద ఉన్నంత తేటగా ఇంకెక్కడా ఉండదు.

తెరపక్షం, ఎడిసన్:
పాతకాపు గారూ, రంగుల గళ్ల పట్టిక యాప్‌లో కూడా ఉంది. మీరు చెప్పిందంతా అక్కడా కనిపిస్తుంది.

ఫ్రీమాంట్ పాతకాపు:
ఉంది, కాదనను. 55 అంగుళాల టీవీలో 192 గళ్లు ఇరికిస్తే, వెనక కుర్చీలో కూర్చున్నవాడు పేర్లు చదవగలడా? పెద్దవి చేస్తే సగం వరుసలు తెర బయటికి పోతాయి. అప్పుడు లాప్‌టాప్ దగ్గరున్న మనిషి ఏది చూపిస్తే అందరూ అదే చూడాలి. బోర్డు ముందు మాత్రం నాకు కావలసిన వరుస నేనే లేచి వెళ్లి చూసుకుంటాను.

ఎరుపు ఆకుపచ్చ:
ఒక చిన్న మనవి. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. మా లీగు బోర్డులో రన్నింగ్ బ్యాక్‌లకు ఒకటి, వైడ్ రిసీవర్లకు ఇంకొకటి సరిగ్గా ఆ రెండు రంగులే వాడేవారు. మూడేళ్లపాటు అందరూ ఒక్క చూపులో గ్రహించేదాన్ని నేను ఒక్కో స్టిక్కరు చదివి తెలుసుకున్నాను. చెప్పుకోవడానికి మొహమాటపడ్డాను. నాలుగో ఏట చెబితే మా కమిషనర్ అప్పటికప్పుడు ఆకుపచ్చవాటి మూలల్లో నల్ల స్కెచ్ పెన్నుతో అడ్డగీతలు గీశారు. పది నిమిషాల పని. బోర్డయినా తెరయినా, ముందు అందరినీ ఒక మాట అడగండి.

హ్యూస్టన్ మేనేజర్:
మా ఆఫీసు లీగులో నేనొక్కదాన్నే తెలుగు ఆడపడుచును. నాలుగేళ్లుగా డ్రాఫ్టు మా ఇంట్లోనే. కమిషనర్ గారూ, మీ పొరపాటు బోర్డుది కాదు, బోర్డు దగ్గర ఎవరు ఉన్నారన్నది అసలు విషయం. మీ స్టిక్కర్ల మనిషి లీగు సభ్యుడు కూడానా? అయితే ఆయన తన జాబితా చూసుకోవాలి, భోజనం చూసుకోవాలి, మధ్యలో 192 స్టిక్కర్లు అతికించాలి. ఒక మనిషికి అది చాలా ఎక్కువ.

మా ఇంట్లో ఈ పని మా పదకొండేళ్ల అమ్మాయిది. స్టిక్కర్ల షీట్లు స్థానాలవారీగా బల్ల మీద పరుచుకుని కూర్చుంటుంది. పేరు వినపడగానే పైకి చదువుతుంది, అతికిస్తుంది, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కుతుంది, తరువాతి వంతు ఎవరిదో పిలుస్తుంది. ఆ పిలుపు వినపడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అదే మా నియమం. పెద్దవాళ్లు ఒకరి మాట ఒకరు వినరు గానీ, దాని మాట అందరూ వింటారు.

మూలలు నొక్కడం ఎందుకంటారా? మొదటి ఏడు బోర్డు గ్యారేజీలో పెట్టాం. హ్యూస్టన్ ఆగస్టు ఉక్కకు కాగితం మెత్తబడి, స్టిక్కర్ల అంచులు లేచాయి. తలుపు తీసినప్పుడు ఒకటి ఎగిరి సోఫా కిందకు పోయింది. ఇప్పుడు ఏసీ ఉన్న గదిలోనే పెడుతున్నాం.

వేలంపాట:
మాది స్నేక్ కాదు, వేలం. ఒక్కొక్కరికి 200 డాలర్ల లెక్క. మాకు బోర్డు, లాప్‌టాప్ రెండూ కావాలి. పేరు, పలికిన ధర బోర్డు మీద. ఎవరి దగ్గర ఇంకా ఎంత మిగిలిందన్న తీసివేత లాప్‌టాప్‌లో. ఐపీఎల్ వేలం చూసినవారికి తెలుసు, ఎదుటి బల్ల దగ్గర ఎంత డబ్బు మిగిలిందో తెలియకపోతే పాట ఎంతదాకా పెంచాలో తెలియదు. ఆ తీసివేతలు చేత్తో చేసిన ఏడు ఒకాయన తన దగ్గర లేని ఆరు డాలర్లు కూడా పాడేశారు.

తెరపక్షం, ఎడిసన్:
హ్యూస్టన్ గారూ, మీ అమ్మాయి పద్ధతి బాగుంది. అయితే నా అసలు బాధ ఇంకా చెప్పలేదు. మా లీగులో ఇద్దరు మిత్రులు నాలుగేళ్ల కిందట హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోయారు, లీగు మాత్రం వదల్లేదు. ఇక్కడ శనివారం రాత్రి ఏడు గంటలకు మొదలుపెడితే వాళ్లకు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర. ఒకరి ఇంట్లో పసిపాప ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వంటింట్లో లైటు వేసుకుని కూర్చుంటారు. ఒక ఏడు బోర్డు పెట్టి ఫోను కెమెరా దాని మీదికి తిప్పాం. వాళ్లకు తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనపడలేదు. ప్రతి వంతుకూ ఎవరు పోయారు, ఎవరు ఉన్నారు అని అడగాల్సి వచ్చింది. రెండు గంటలు గడిచాక అడగడం మానేశారు. అది గుర్తొస్తే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. గదిలో ఉన్న పదిమంది సరదా కోసం గదిలో లేని ఇద్దరిని బయట కూర్చోబెట్టినట్టు అయింది. అందుకే నేను తెర అంటున్నాను.

ఫ్రీమాంట్ పాతకాపు:
ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. దూరాన ఉన్నవారు ఒక్కరున్నా యాప్ నడవాల్సిందే. అయితే యాప్ నడిస్తే బోర్డు ఎందుకు ఆగాలి? పెద్ద యాప్‌లలో చాలావాటిలో, బయట జరిగిన డ్రాఫ్టును కమిషనర్ నమోదు చేసే వీలు ఉంది. ఒకరు లాప్‌టాప్ దగ్గర, ఒకరు గోడ దగ్గర. రెండింటిలోనూ పడ్డాకే వంతు పూర్తయినట్టు.

చేత్తో పేర్లు రాసుకునేవారికి ఒక హెచ్చరిక కూడా. 2007లో ఎన్ఎఫ్ఎల్‌లో ఇద్దరు ఏడ్రియన్ పీటర్సన్‌లు ఉన్నారు. ఒకరు మిన్నెసోటా, ఒకరు షికాగో, ఇద్దరూ రన్నింగ్ బ్యాక్‌లే. పేరు మాత్రమే రాస్తే ఎవరిదని చెబుతారు? పేరు, జట్టు, స్థానం, బై వారం (ఆ జట్టుకు ఆట లేని వారం) అన్నీ అచ్చయి ఉండే స్టిక్కరు విలువ అక్కడ తెలుస్తుంది.

ఏడో వరుస:
ఈ చర్చ ఆలస్యంగా చూశాను. కమిషనర్ గారు పేరు చెప్పలేదు గానీ, ఆరో రౌండులో ఆ టైట్ ఎండ్‌ను పిలిచింది నేనే.

రెండు విషయాలు చెప్పాలి. మొదటిది, ఆయన తీర్పు తప్పని నేను అనడం లేదు. నాకు కష్టం కలిగించింది తీర్పు కాదు. ఆ ఆటగాడు నాకు దక్కాడన్న లెక్కతో ఏడో రౌండులో టైట్ ఎండ్‌ను వదిలి రన్నింగ్ బ్యాక్‌ను తీసుకున్నాను. ఎనిమిదిలో అతణ్ణి వెనక్కి తీసుకుని ఇంకొకరిని ఎంచుకోమన్నప్పుడు, మిగిలినవారిలో పనికొచ్చే టైట్ ఎండ్ లేడు. ఏడో రౌండు ఎంపిక కూడా మార్చుకోనివ్వండని అడిగాను. వాదనల మధ్య ఎవరూ వినలేదు. నా వరుసలో ఆరో గడి స్టిక్కరు పీకి, చిరిగిన కాగితం మీదే పెన్నుతో ఇంకో పేరు రాశారు. పదహారు గళ్లలో అదొక్కటే చేతిరాత. మిగిలిన రాత్రంతా నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

రెండోది, అయినా బోర్డు తీసేయవద్దు. డ్రాఫ్టు కోసం నేను డెంటన్ నుంచి కారు వేసుకుని వచ్చేది ఆ గోడ ముందు నిలబడడానికే. మొదటి ఏడు నాకు ఈ ఆట ఓనమాలు కూడా తెలియవు. ఎవరు ఎందుకు ఎవరిని తీసుకున్నారో ఆ బోర్డు ముందు నిలబెట్టి, వరుస వెంట వరుస చూపిస్తూ నేర్పింది కమిషనర్ గారే. టీవీ ఒక్కటే అయితే ఆ పన్నెండు మందీ ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ కూర్చుంటారు. అలాగైతే నేను ఇంట్లోనే ఉంటాను.

ఫ్రిస్కో కమిషనర్:
మీరు ఏడో రౌండు గురించి అడిగిన మాట నాకు నిజంగా వినపడలేదు. వినపడి ఉంటే ఒప్పుకోవాల్సిన మాట అది. క్షమించండి. పాత బోర్డు చుట్ట ఇంకా గ్యారేజీలోనే ఉంది, ఇప్పుడే విప్పి ఆ గడి చూశాను.

ఆదివారం దాకా ఎందుకు, నా వంతుగా ఇలా ప్రతిపాదిస్తున్నాను. బోర్డు ఉంటుంది, ఈసారి హాల్లో, ఏసీ కింద. పక్కన లాప్‌టాప్‌లో యాప్ కూడా నడుస్తుంది. గోడ దగ్గర మా అన్నయ్య కూతురు ఉంటుంది, ఆమె లీగులో లేదు. స్టిక్కరు పడి, యాప్‌లో ఎక్కి, ఆమె తరువాతి పేరు పిలిచేదాకా ఏ పిలుపూ చెల్లదు. రెండింటికీ తేడా వస్తే యాప్‌లో ఉన్నదే లెక్క. ఏదైనా పొరపాటు బయటపడితే, దానివల్ల దెబ్బతిన్న మనిషి ఆ తరువాత చేసిన ఎంపికలు కూడా మార్చుకోవచ్చు. రంగుల సంగతి రేపే అందరినీ అడుగుతాను.

ఏడో వరుస:
సరేనండి, వస్తున్నాను. భోజనం మాత్రం ఎనిమిదో రౌండు అయ్యాక, డ్రాఫ్టు ఆపి పెట్టించండి.