లేజెజీలో నాలుగు రోజులు: కారు లేకుండా తిరగగలమా?

నమస్కారం. సెప్టెంబరులో అమ్మానాన్నలను తీసుకుని ఫ్రాన్స్‌లోని దోర్దోన్య్ ప్రాంతానికి వెళ్తున్నాను. వెజేర్ నది ఒడ్డున లేజెజీ అనే చిన్న ఊళ్లో నాలుగు రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఊరికి రైలు ఉందని చూసి సంబరపడ్డానే గాని, దిగాక ఎలా తిరగాలో అప్పుడు ఆలోచించలేదు. అక్కడి రోడ్ల మీద కుడివైపున కారు నడిపే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేదు.

నాన్న చరిత్ర చెప్పిన మాస్టారు. ఆయనకు గుహలు తప్ప వేరే ధ్యాస లేదు. ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారని, ఇప్పుడు చూపించేది నకలని చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నారు. అందుకే ఊరి పక్కనే ఉన్న ఫోన్ ద గోమ్ గుహలో అసలు చిత్రాలు చూపించి తీరాలని నా పట్టుదల. రోజుకు కొద్దిమందినే లోపలికి పంపుతారు కదా, టికెట్లు ఎన్నాళ్ల ముందు తీసుకోవాలి? అమ్మకు మోకాళ్ల నొప్పులు. గుహ దాకా ఉన్న ఎగుడుదారి ఆమె ఆగుతూ ఆగుతూ ఎక్కగలిగేదేనా?

నాకైతే వెజేర్‌లో కనూ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నడపాలని ఉంది, కానీ ఈత రాదు. సెప్టెంబరులో నీళ్లు ఎంత లోతుంటాయి? లా రోక్ గజాక్ ఊళ్లో గబార్ అనే పాతకాలపు పడవల్లో షికారు, సార్లా పట్టణంలో శనివారం సంత కూడా అనుకున్నాం. వీటికి లేజెజీ నుంచి బస్సు దొరుకుతుందా, టాక్సీయే గతా?

చివరగా భోజనం. బాతు మాంసానికి పేరుపడ్డ సీమలో శాకాహారి అయిన అమ్మ ఏం తినాలి? ఆవకాయ సీసా ఎలాగూ వస్తుంది, అన్నం సంగతే చెప్పండి.