బీఎస్-6 లారీకి ఈసీఎం ట్యూనింగ్: ఘాట్‌లో లాగుడు కోసం చేయించుకోవచ్చా?

సాలూరు లారీ యజమాని:
నాకు రెండు పది చక్రాల లారీలున్నాయి, రెండూ 2021లో కొన్న బీఎస్-6 బండ్లే. వైజాగ్ నుంచి రాయ్‌పూర్ వైపు లోడుతో వెళ్లేటప్పుడు సాలూరు దాటితే సుంకి ఘాట్ తగులుతుంది. కిందటి నెల ఆ మలుపుల్లో యాడ్‌బ్లూ (సైలెన్సర్‌లో విషవాయువులను తగ్గించడానికి పోసే యూరియా ద్రవం) లైటు వెలిగి, ఇంజిన్ తనంతట తానే శక్తి తగ్గించేసుకుంది. 28 టన్నుల బరువుతో బండి మొదటి గేరులో మనిషి నడిచినట్టు ఎక్కింది. వెనక బారులు తీరిన బండ్ల వాళ్ల తిట్లన్నీ మా డ్రైవరే పడ్డాడు. సెన్సారు మార్పించేసరికి ఆ ట్రిప్పు కిరాయిలో నాకు మిగిలింది ఏమీ లేదు. ఇప్పుడు ఒకాయన ఈసీఎంలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, ప్రోగ్రాం మార్చి, యాడ్‌బ్లూ అవసరమే లేకుండా చేసి, లాగుడు కూడా పెంచి ఇస్తానంటున్నాడు. ఫైనాన్స్ వాయిదాలు కట్టుకునే నాలాంటివాడు ఈ పని చేయించుకోవడం తప్పా? అనుభవజ్ఞులు కారణాలతో చెప్పగలరు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ:
తప్పు కాదని నా అభిప్రాయం. ఒకే 6.7 లీటర్ల ఇంజిన్‌ను ఒక బండిలో 250 హార్స్‌పవర్‌కు, ఇంకొక బండిలో 300 హార్స్‌పవర్‌కు అమ్ముతున్నారు. అంటే ఆ ఇంజిన్‌లో శక్తి ఉంది, దాన్ని కట్టి ఉంచింది సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టి కొన్న బండిలో ఉన్న శక్తిని యజమాని వాడుకోవడంలో అన్యాయమేమిటో నాకు అర్థం కాదు. నేను చేసిన బండ్లు పొల్యూషన్ పరీక్షలో ఇబ్బంది లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నాయి. ఘాట్ రోడ్డు మధ్యలో లోడు బండిని కుంటివాణ్ణి చేసే ఏర్పాటు ప్రమాదకరం కాదా అన్నది కూడా ఆలోచించాలి.

డీజిల్ పంపు మెకానిక్, గాజువాక:
ఎలక్ట్రీషియన్ గారి చివరి మాటతో నాకు పేచీ లేదు. ఘాట్‌లో బండి శక్తి తగ్గిపోవడం డ్రైవరుకు నరకమే. మిగిలిన వాటితో మాత్రం ఏకీభవించలేను.

ముందుగా 250, 300 సంగతి. ఇంజిన్ దిమ్మ ఒకటే కావచ్చు గాని, ఎక్కువ శక్తికి అమ్మే బండికి టర్బో, ఇంజెక్టర్లు, రేడియేటరు, క్లచ్, గేరుబాక్సు, వెనక యాక్సిల్ ఆ శక్తికి తగ్గట్టు చూసి వేస్తారు. ట్యూనింగ్‌లో మారేది ప్రోగ్రాం ఒక్కటే. కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే గొట్టంలో) ప్రెషర్ పెంచి, ఇంజెక్టరు తెరిచి ఉండే సమయం పొడిగిస్తే డీజిల్ ఎక్కువ పడుతుంది. దానికి సరిపడా గాలి అందకపోతే నల్లపొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఖాళీగా తిరిగే చిన్న బండి పూర్తి శక్తిని వాడేది ఏ ఓవర్‌టేక్ దగ్గరో పది సెకన్లు. లోడు లారీ అదే శక్తిని ఘాట్‌లో అరగంట సేపు విడవకుండా పిండుతుంది. ఆ వేడికి ఆగలేని ఇంజిన్ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. హెడ్ ఎత్తి చూస్తే మూడో సిలిండరు పిస్టన్ తల ఒక అంచున రూపాయి బిళ్లంత మేర కరిగి, ఆ లోహం బోరు గోడకు గీతలుగా అంటుకుని ఉంది. ట్యూనింగ్ చేయించి ఏడాది కూడా కాలేదని యజమానే చెప్పాడు. వారంటీ అడిగే దారి ఆయనకు అప్పటికే మూసుకుపోయింది.

ఇక పొల్యూషన్ సర్టిఫికెట్. మన దగ్గర డీజిల్ బండికి చేసేది పొగ ఎంత చిక్కగా ఉందో చూసే పరీక్ష. యాడ్‌బ్లూ అణచిపెట్టేది పొగను కాదు, నైట్రోజన్ ఆక్సైడ్లను. అవి పొగ మీటరుకు అందవు. అందుకే యాడ్‌బ్లూ తీసేసిన బండి కూడా పాసవుతుంది. భారీ ఇంజిన్లకు బీఎస్-4లో ఒక్కో యూనిట్ (కిలోవాట్-అవర్) శక్తికి 3.5 గ్రాములున్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి, 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6లో స్థూలంగా 0.4 గ్రాములకు దిగింది. యాడ్‌బ్లూ పనిచేస్తోందని ఈసీఎంను నమ్మించే ఎమ్యులేటర్ డబ్బా తగిలించిన రోజే ఆ తగ్గింపంతా పోతుంది. నేను హైవే పక్కనే కాపురం ఉంటున్నవాణ్ణి, మా వీధిలో ఉబ్బసం ఉన్న పిల్లలున్నారు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మిగులు ఎంతో కూడా లెక్క వేద్దాం. బండి నెలకు 2,000 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుంటే, వందకు ఐదు చొప్పున 100 లీటర్ల యాడ్‌బ్లూ. లీటరు 60 రూపాయలనుకున్నా, యాడ్‌బ్లూ మానేస్తే నెలకు మిగిలేది 6,000. యాడ్‌బ్లూ ఉన్న ఇంజిన్‌ను తయారీదారే మైలేజీ వచ్చేలా సెట్ చేస్తాడు, ఎందుకంటే అక్కడ పెరిగే నైట్రోజన్ ఆక్సైడ్లను సైలెన్సర్‌లో శుద్ధి చేసుకోవచ్చు. కాబట్టి యాడ్‌బ్లూ తీసేసినందువల్ల కొత్తగా మైలేజీ పుట్టుకురాదు.

చట్టం సంగతి తెలిసి అడుగు వేయండి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 182ఏ కింద, అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపితే 190(2) కింద 10,000 వరకు జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపినప్పుడు స్టీరింగ్ ముందు ఉండేది మీ డ్రైవరే. ఘాట్‌లో తిట్లు పడ్డవాడి జీవనాధారాన్ని కూడా పణంగా పెట్టడం న్యాయమేనా?

సాలూరు యజమాని గారూ, మీరు వేయించే యాడ్‌బ్లూ ఎక్కడిది? సైలెన్సర్ దగ్గర యాడ్‌బ్లూ నాజిల్ విప్పించి చూడండి. తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఉంటే అది యూరియా గడ్డ. గోరువెచ్చని నీళ్లకు కరుగుతుంది. పొలానికి వేసే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, దాన్ని కుళాయి నీళ్లలో కలిపి అమ్మే సరుకు సెన్సారునూ నాజిల్‌నూ పాడుచేస్తుంది. ఐఎస్ఓ 22241 అని ఉన్న సీలు డబ్బానే కొనండి.

డాలస్‌లో ట్రెయిలర్ లాగే తెలుగువాడు:
ఇక్కడి పికప్‌లలో ఈ జాడ్యం ఎంత పెరిగిందో చెబుతాను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబరు నివేదిక ప్రకారం, సుమారు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌ల ఉద్గార నియంత్రణలను తీసేశారు. అయితే బండి శక్తి హఠాత్తుగా తగ్గిపోతోందన్న రైతుల, డ్రైవర్ల మొర కూడా నిజమే. 2025 ఆగస్టులో అదే సంస్థ, లోపం కనబడగానే బండి కుంటుపడకుండా సాఫ్ట్‌వేర్ సవరించమని తయారీదారులను కోరింది. మన లారీ సంఘాలు అడగవలసింది కూడా ఇదేనని నా విన్నపం.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ:
నైట్రోజన్ ఆక్సైడ్లు పొగ మీటరుకు అందవన్న మాట ఒప్పుకుంటున్నాను. సర్టిఫికెట్‌ను సాక్ష్యంగా చూపడం నా పొరపాటు. ఎమ్యులేటర్ ఇకపై ఎవరికీ సిఫారసు చేయను. యాడ్‌బ్లూను కదపకుండా, పొగ రాని మేరకు లాగుడు కొద్దిగా పెంచడంలో మాత్రం నాకింకా తప్పు కనబడటం లేదు.

డీజిల్ పంపు మెకానిక్, గాజువాక:
ఎగ్జాస్ట్‌కు వేడి మీటరు పెట్టి, లోడుతో ఘాట్ ఎక్కించి, ఆ అంకె చూపించగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం. షెడ్డులో నిలబెట్టిన బండికి రేస్ ఇచ్చి పొగ లేదనడం పరీక్ష కాదు.

సాలూరు లారీ యజమాని:
అందరికీ నమస్కారం. ఈ ఉదయం నాజిల్ విప్పించాను. మీరన్నట్టే రంధ్రం చుట్టూ తెల్లటి పొర, గోటితో గీకినా రాలనంత గట్టిగా ఉంది. మా డ్రైవరు దారిలో కొన్న క్యాన్ తెచ్చి చూపించాడు, దాని మీద ఏ ముద్రా లేదు. ట్యూనింగ్ ఆయనకు వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. రెండో బండి ఎల్లుండి రాయ్‌పూర్ నుంచి దిగుతుంది, దాని నాజిల్ కూడా విప్పించి ఇక్కడ రాస్తాను.