లైబ్రరీ ముందు ఇంత జాగా ఉన్నా అక్కడ ఎవరూ ఎందుకు కూర్చోరు?

ఆవరణ_ప్రశ్న

హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ ఇది. పడమర వైపు లైబ్రరీ, మూడంతస్తులు, సుమారు 40 అడుగుల ఎత్తు. తూర్పున క్లాసుల బ్లాకు. మధ్యలో తూర్పు పడమరలుగా 100 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 120 అడుగుల ఆవరణ. అంచుల వెంట ఆరడుగుల సిమెంటు బెంచీలు 12 ఉన్నాయి. నడుమ లాన్, "గడ్డి మీద నడవరాదు" అని బోర్డు, నీళ్లు లేని ఫౌంటెన్. అందరూ పక్కనుంచి పోయేవాళ్లే, ఆగేవాళ్లు లేరు. విద్యార్థులంతా లైబ్రరీ మెట్ల మీదో, గేటు బయట టీ బండి దగ్గరో ఉంటారు. ఆరు లక్షలు మంజూరయ్యాయి. ఫౌంటెన్ బాగుచేసి చుట్టూ నల్ల గ్రానైట్ బెంచీలు వేద్దామని ప్రతిపాదన. ఇది సరైన పనేనా? మొదట ఏం చేయాలి?

కొలతబద్ద

ఫౌంటెన్‌కి పైసా పెట్టకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: పిల్లలు మెట్లను ఎంచుకున్నారు. మెట్ల మీద ముగ్గురు పైన, నలుగురు కింద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. వచ్చేపోయేవాళ్లు కనిపిస్తారు, వీపుకు గోడ, మధ్యాహ్నం దాటితే నీడ. తిన్నని బెంచీ మాటలకు ఇద్దరికే సరిపోతుంది. మూడో మనిషి వస్తే ఎదురుగా నిలబడాల్సిందే.

ఇక లెక్క. 1970లలో, నగరాల్లో జనం తీరును గమనించే విలియం వైట్ న్యూయార్క్ ప్లాజాల్లో, అంటే పెద్ద భవనాల ముందుండే ఖాళీ ఆవరణల్లో, కెమెరాలు పెట్టి నెలల తరబడి చూశాడు. కూర్చోవడానికి వీలున్న చోటే జనం కూర్చుంటారని తేలింది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, అప్పటిదాకా అక్కడి ప్లాజాలు చాలావరకు ఆ వీలు లేకుండానే కట్టారు. 1975లో ఆ నగరం నిబంధన మార్చింది: ప్లాజాలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవు కూర్చునే చోటు ఉండాలి. మీది 12,000 చదరపు అడుగులు, అంటే 400 అడుగులు కావాలి. మీ బెంచీలన్నీ కలిపితే 72.

డ్రాయింగు వేయించే ముందు మూడు రోజులు లెక్క తీయండి. రెండు పనిదినాలు, ఒక శనివారం. ఆవరణ ప్లాను ఏ4 కాగితం మీద ప్రింటు తీసి ఉదయం 9, 11, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, 6, రాత్రి 8కి పది నిమిషాల చొప్పున నిలబడి చూడండి. కూర్చున్నవాళ్లకు చుక్క, నిలబడ్డవాళ్లకు గుణకారం గుర్తు, నడిచిన దారికి గీత. ఆడపిల్లలకు వేరే రంగు పెన్ను. ఆ రంగు ఏ గంట నుంచి కనబడకుండా పోతుందో అక్కడే మీ రాత్రి సమస్య ఉంది.

లాన్‌లో ఒక మూలనుంచి ఇంకో మూలకు గడ్డి చచ్చి సన్నటి మట్టి బాట పడే ఉంటుంది. బోర్డు తీసేసి, ఆ బాటనే ఆరడుగుల వెడల్పుతో పేవర్లు వేయండి. కింద కంకర పరిచి దిమ్మిస గట్టిగా కొట్టాలి. ఆ పని తప్పించుకుంటే మొదటి వానాకాలానికే పేవర్లు కుంగి నీళ్లు నిలుస్తాయి. వాలు నూరడుగులకు ఒక అడుగు, మెట్టు ఉన్నచోట 1:12 ర్యాంపు, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు.

నీడపట్టు

నల్ల గ్రానైట్ వద్దే వద్దు. ఏప్రిల్ రెండు గంటలకు దాని మీద అరచేయి ఆన్చి ఉంచలేం, ఇక కూర్చునేదెవరు? తాండూరు బండ వేయండి, అదీ నీడలోనే.

నీడ విషయంలో చాలామంది ప్లాను చూసి మోసపోతారు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నెలల్లో మధ్యాహ్నం భోజనం వేళ ఏ గోడా నీడనివ్వదు. ఒంటిగంటకు జనం కూర్చోవాలంటే నీడ నెత్తి మీదే ఉండాలి, చెట్టో పందిరో. సాయంత్రం సంగతి వేరు. ఏప్రిల్ నడిమిలో నాలుగింటికి మీ లైబ్రరీ నీడ తూర్పుకు 55 అడుగులు దాటుతుంది, ఐదింటికి ఆవరణంతా కప్పేస్తుంది. కాబట్టి అరుగులు పడమటి సగంలో కట్టండి, చెట్లు తూర్పు సగంలో నాటండి.

చెట్లు: కానుగ, పొగడ, వేప. 25 అడుగుల ఎడం, 4×4×4 అడుగుల గుంత. తవ్విన మొరం తిరిగి నింపొద్దు, ఎర్రమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపండి. పదడుగుల మొక్కలు తెస్తే రెండేళ్లు కట్టెలు కట్టాలి. కోనోకార్పస్ జోలికి పోవద్దు. ఏడాకుల పొన్న కూడా క్లాసుల కిటికీల పక్కన వద్దు, చలికాలం రాత్రుల్లో ఆ పూల ఘాటు వాసన చాలామందికి పడదు.

చెట్టు కింద అరుగు మనకు కొత్త కాదు, రచ్చబండ అదే. కానీ ఇప్పుడు కాంట్రాక్టర్లు మొదలుదాకా సిమెంటు పోసేస్తున్నారు. వేళ్లకు గాలి, నీరు అందక చెట్టు పైనుంచి ఎండుకొస్తుంది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమన్నది ఇందుకే. మొదలు చుట్టూ కనీసం మీటరు మట్టి వదిలి, ఆ తర్వాతే అరుగు. ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు 32 నుంచి 36. అంత వెడల్పుంటే రెండు వైపులా వీపు వీపుకు తగలకుండా కూర్చుంటారు. మధ్యలో పడుకోనివ్వని ఇనుప కడ్డీలు పెట్టకండి.

ఆవరణ_ప్రశ్న

ఇద్దరికీ ధన్యవాదాలండీ. 400 అడుగుల అరుగు ఈ డబ్బుతో కాదు. విడి కుర్చీలు వేద్దామంటే సెక్యూరిటీ వాళ్లు "పోతాయి, మాకు సంబంధం లేదు" అంటున్నారు.

పొద్దుగూకాక

కుర్చీలు వేయండి. న్యూయార్క్ బ్రయంట్ పార్క్ 1992లో తిరిగి తెరిచినప్పటి నుంచి విడి కుర్చీల మీదే నడుస్తోంది. 2009లో హార్వర్డ్ యార్డ్‌లోనూ రంగురంగుల కుర్చీలు పచ్చిక మీద వేశారు. కూర్చునే ముందు మనిషి కుర్చీని జానెడు ఇటో అటో జరుపుతాడు, ఎండ పక్కకో, స్నేహితుడి వైపో. ఆ జానెడు స్వేచ్ఛ బోల్టు బిగించిన బెంచీలో లేదు.

మొదట 40 చాలు. ప్లాస్టిక్‌వి ఎండకు పెళుసెక్కి వెనక కాళ్లు విరుగుతాయి. పౌడర్ కోటింగ్ చేసిన ఇనుపవి, ఒకదానిలో ఒకటి దూరేవి తీసుకోండి. సన్నటి కాళ్లు వాన పడ్డ గడ్డిలో దిగబడతాయి, కింద అడ్డ కమ్మీ ఉన్నవే చూడండి. వెనక నంబరు వేయించి, రాత్రి లైబ్రరీ మూసేటప్పుడు ఎవరు లెక్కపెట్టి వరండాలోకి చేరుస్తారో కాగితం మీద ఒక మనిషి పేరు రాయించండి. "అందరి బాధ్యత" అని రాస్తే నెలలో కుర్చీలు డిపార్టుమెంటు గదుల్లోకి చేరతాయి. దొంగల కంటే అదే పెద్ద నష్టం.

వెలుతురుకి హైమాస్ట్, అంటే చాలా ఎత్తు స్తంభం మీద గుత్తిగా పెట్టే దీపాలు, వద్దు. పైనుంచి పడే ఆ కాంతిలో కళ్ల కింద నీడలు పడి ఎదుటి మనిషి మొహం ఆనదు, దాని వలయం దాటితే చిమ్మచీకటి. పది పన్నెండు అడుగుల స్తంభాలు, 3000 కెల్విన్ పసుపు కాంతి, బాట వెంట 30 అడుగులకొకటి. అరుగు పక్కన ప్లగ్గులు మూత ఉన్న పెట్టెల్లో, నేలకు రెండడుగుల పైన, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీతో (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు). అది లేకుండా వానలో ఆరుబయట ప్లగ్గు పెట్టనే కూడదు.

బయటి టీ బండిని లోపలికి పిలవండి, లైబ్రరీ మెట్లకు, బాటకు మధ్య. నీళ్ల కుళాయి, గిన్నెలు కడిగిన నీరు పోయే మోరీ, రెండు చెత్తబుట్టలు ముందే ఏర్పాటు చేయాలి. లేకపోతే వారంలో ఈగలు, ఆపైన ఫిర్యాదు, ఆపైన బండి మాయం. ఆడవాళ్ల టాయిలెట్ రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో కూడా చూడండి. ఆరింటికి తాళం పడితే ఆడపిల్లలు ఆరింటికే వెళ్లిపోతారు, మీరు ఎన్ని దీపాలు పెట్టినా.

గార్డులకు ఇచ్చే ఆదేశం రాతపూర్వకంగా మార్పించండి. ఇప్పుడు "గుంపులు కూడనివ్వొద్దు" అని ఉండి ఉంటుంది. దాన్ని కొట్టేసి, గొడవ జరిగితేనే జోక్యం, పాట పాడినా డప్పు కొట్టినా రాత్రి 9 దాకా అభ్యంతరం లేదు అని రాయించండి. డబ్బులో మొదటి విడత కుర్చీలకు, బాటకు, దీపాలకు. ఒక సెమిస్టరు గడిచాక మళ్లీ అదే కాగితం మీద చుక్కలు పెట్టి, కుర్చీలు ఎక్కడ పోగవుతున్నాయో అక్కడే అరుగు కట్టించండి.