డాబా మీద వాన కొలిస్తే వరద ముందే తెలుస్తుందా?

సింగ్‌నగర్ కుర్రాడు: 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు మా కింది వాటా ముంచేసింది. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, అమ్మకి టెన్షన్. డాబా మీద వాన కొలిచే డబ్బా పెడితే ఉపయోగం ఉంటుందా?

గుణదల మాజీ సైనికుడు: బాబూ, నేను ఎయిర్‌ఫోర్స్ వాతావరణ విభాగంలో చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ రోజూ ఉదయం 8:30కి కొలుస్తా, దేశమంతా లెక్క ఆ టైముకే. డబ్బాని ట్యాంకుకి దూరంగా పెట్టు. మొదటి ఏడాది ట్యాంకు పొంగిన నీళ్లు కూడా వానే అనుకుని 90 మిల్లీమీటర్లని కాలనీ వాట్సాప్‌లో పెట్టా. మా ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది.

రోజులో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వాన, 115.6 నుంచి అతి భారీ. కానీ వరద సంగతి డబ్బా చెప్పదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. అక్కడ కుండపోతైతే, మీ డాబా మీద చినుకు లేకపోయినా నీళ్లొస్తాయి. 2024లో అయితే బుడమేరు గట్టుకి గండ్లు పడ్డాయి కూడా.

ఆ వారం మీ వైపే పడవలో పాల ప్యాకెట్లు పంచాం. రెండో అంతస్తు నుంచి ఒకావిడ తాడు కట్టి బకెట్ దింపింది. అందులో చీటీ: పాలు, కొవ్వొత్తులు, బీపీ మాత్రలు. మాత్రలు మర్నాటికి గానీ దొరకలేదు.

గుంటూరు మిర్చి: సార్, ఆరెంజ్ అలర్ట్ అంటే బయటికి రావద్దనా?

గుణదల మాజీ సైనికుడు: కాదమ్మా, సిద్ధంగా ఉండమని. రెడ్ అయితే ఇక కదలాల్సిందే.

సింగ్‌నగర్ కుర్రాడు: అంకుల్, అది నీలం బకెట్టా? అయితే మా పక్కింటి పిన్నిగారే అంటోంది అమ్మ.