ఈ వారం సమస్య: నీటి లోపల నిప్పులు నిలిచి వెలిగె

మాస్టారు (నిర్వహణ): ఇదే చివరి పాదంగా పద్యం పూర్తిచేయాలి. ఛందస్సు తేటగీతి. ఒక్క షరతు. చెరువులో దీపావళి దీపాల నీడలు పడ్డాయన్న పూరణ వద్దు, పోయినసారి వాటితోనే విసుగొచ్చింది. ప్రకృతిలో నిజంగా జరిగే వింత కావాలి. పద్యం కింద సంగతేమిటో రెండు ముక్కలు రాయండి.

గణాల గోపాలం:

కడలి గర్భాన బడబాగ్ని కాగుచుండె
ననుచు తాతలు చెప్పగా నవ్వినాను;
వేయి మీటర్ల లోతున విరియ లావ
నీటి లోపల నిప్పులు నిలిచి వెలిగె!

2009 మే నెలలో సమోవా దగ్గర వెస్ట్ మాటా అనే సముద్రగర్భ అగ్నిపర్వతం పేలుతుండగా రోబో కెమెరాతో తీశారు. దాదాపు 1,200 మీటర్ల లోతు. అంత నీటి కింద కూడా లావా ఎర్రగా బుడగలు కడుతోంది.

మాస్టారు: ఎత్తుగడ బాగుంది గోపాలం. 'వేయి మీటర్లు' అని రెండు వందలు మింగేశావు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం) కోసం క్షమించాను. వ్యాకరణం పట్టుకునేవాళ్లు 'ననుచుఁ దాతలు' అనాలంటారు. అంటే తాతలు కాస్తా దాతలైపోతారు, కాబట్టి నేను నోరెత్తను. నా పేచీ 'నిలిచి' దగ్గర. చన్నీళ్లు తగలగానే లావా పైపొర నల్లబడి గడ్డకడుతుంది. ఆ ఎరుపు కనిపించేది క్షణాలు. నిలిచిందెక్కడ?

గణాల గోపాలం: కొత్త లావా వస్తూనే ఉంటుందిగా మాస్టారూ!

మాస్టారు: అది వరస, నిలకడ కాదు.

చెన్నై పిల్ల: మొదటిసారి రాస్తున్నా, కొంచెం టెన్షన్‌గా ఉంది.

రాత్రి తీరాన కెరటాలు రవ్వలయ్యె;
చేయి ముంచితి, నీలమై చెదరె వెలుగు;
కాలదొక వేలు, చల్లని కాంతి గాదె!
నీటి లోపల నిప్పులు నిలిచి వెలిగె

2019 ఆగస్టులో ఇక్కడి బీచ్‌లో చూశాను. అల విరిగే అంచు మాత్రమే నీలంగా భగ్గుమనేది. తడి ఇసుకలో కాలు ఈడిస్తే మడమ వెనకాల చుక్కలు. ఫోన్‌లో తీస్తే అంతా నలుపే వచ్చింది. నాక్టిల్యూకా అనే ఏకకణ జీవులట. కదిలిస్తే వాటిలో రసాయన చర్య జరిగి వెలుగొస్తుంది, వేడి దాదాపు ఉండదు.

మాస్టారు: అమ్మాయ్, మూడో పాదం ఈ వారానికే మంచి పాదం. 'కాలదొక వేలు' అనడంలో చూసినవాళ్ల గొంతుంది. కానీ రెండో పాదంలో 'చెదరె' అని నువ్వే రాసి, నాలుగో పాదంలో 'నిలిచి' అంటే ఎలా?

చెన్నై పిల్ల: 'చెలగె వెలుగు' అని మారిస్తే? యతి కూడా చెడదు.

మాస్టారు: పద్యం ఒప్పుకుంటుంది, ఆ జీవి ఒప్పుకోదు. దాని మెరుపు సెకనులో పదో వంతు కూడా ఉండదు. 'చెదరె' అనే ఉంచు, అదే నిజం.

బఫెలో బావ:

జారు జలధార వెనుకను జ్యోతి యొకటి
జానెడెత్తున వెలుగును జడియకుండ;
బండ బీటల గ్యాసుతో బ్రతుకునదియె
నీటి లోపల నిప్పులు నిలిచి వెలిగె

అమెరికాలో మా బఫెలో ఊరికి దగ్గర్లో, చెస్ట్‌నట్ రిడ్జ్ పార్కులో చిన్న జలపాతం. దాని వెనక రాతి గూట్లో మంట. షేల్ అనే రాతి పొరల్లోంచి గ్యాసు ఊరుతుంది. దగ్గరికెళ్తే ముందు వాసన వస్తుంది, తర్వాత మంట కనిపిస్తుంది.

గణాల గోపాలం: బావా, మొదటి పాదంలో యతి పోయింది. జా – జ్యో. హల్లు కుదిరింది కానీ ఆకారానికి ఓకారంతో మైత్రి లేదు. 'జ్వాల యొకటి' అను, సరిపోతుంది.

బఫెలో బావ: జ్వాలే. థాంక్స్.

మాస్టారు: 'జడియకుండ' అన్నమాట జలపాతం పక్కన పడటం భలే కుదిరింది. జడికి జడవని మంట! అనుకుని వేశావో, అదే పడిందో? అయితే 'వెనుక' అని నువ్వే అన్నావు, సమస్యలో 'లోపల' ఉంది. పైగా ఆ మంట అప్పుడప్పుడు ఆరిపోతే చూడ్డానికొచ్చినవాళ్లు లైటర్‌తో మళ్లీ వెలిగిస్తారటగా?

బఫెలో బావ: నేనే ఒకసారి వెలిగించాను మాస్టారూ. అది పద్యంలో పెట్టలేదు.

ఓడ రంగయ్య: ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద తిరిగాను. నేను చూడలేదు గానీ విన్నాను.

పాలు పొంగిన తీరున పరచుకొనెను
సోమలియ చెంత కడలిలో సూక్ష్మజీవి;
మూడు రాత్రులు చెదరక ముసరె కాంతి;
నీటి లోపల నిప్పులు నిలిచి వెలిగె!

1995 జనవరిలో లీమా అనే బ్రిటిష్ ఓడ అరేబియా సముద్రంలో తెల్లటి వెలుగులో గంటల తరబడి సాగింది. లాగ్‌బుక్‌లో రాసుకున్నారు. శాస్త్రజ్ఞులు పాత ఉపగ్రహ చిత్రాలు వెతికితే అదే చోట, వరసగా మూడు రాత్రులు, 15,400 చదరపు కిలోమీటర్ల మేర వెలుగు కనిపించింది. ఆ సంగతి 2005లో ప్రకటించారు. పాత చిత్తూరు జిల్లా అంత సముద్రం! ఇది బాక్టీరియా పనని వాళ్ల అంచనా.

మాస్టారు: ఇదిగో, నిలిచింది! ఆ రకం బాక్టీరియా ఒకటీ అరా ఉంటే వెలగవు, గుంపు కట్టాకే వెలుగుతాయి. 'ముసరె' అన్న మాట తెలిసి వేశారో తెలియక వేశారో గానీ, దానికి మించిన మాట లేదు. 'చెదరక' చదివి చెన్నై అమ్మాయి ఉలిక్కిపడి ఉంటుంది.

చెన్నై పిల్ల: పడ్డాను. కానీ రంగయ్య తాతగారూ, మొదటి పాదంలో పాలన్నారు, చివర నిప్పులన్నారు. పాలు ఎప్పుడు నిప్పులయ్యాయి?

ఓడ రంగయ్య: పొంగాయంటే కింద నిప్పున్నట్టేగా తల్లీ!

మాస్టారు: ఈ జవాబుకి సగం మార్కు. మిగతా సగం చెన్నై అమ్మాయి ప్రశ్నకి. వచ్చే వారం సమస్య, మళ్లీ తేటగీతే:

మంచుకొండను నెత్తురు మడుగు కట్టె

అంటార్కిటికాలో టేలర్ హిమానీనదం అంచున ఎర్రనీళ్లు కారతాయని, ఆ ఎరుపు ఇనుముదని నాకు తెలుసు. యుద్ధాలూ వేటలూ పంపొద్దు. గోపాలం, నీకే చెబుతున్నా.