స్టూడియోలోని టచ్‌స్క్రీన్ మానిటర్ అద్దం లోపల తేమ పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న

మా రికార్డింగ్ స్టూడియోలో మిక్సింగ్ బల్ల మీద వాలుగా బిగించిన 24 అంగుళాల టచ్‌స్క్రీన్ మానిటర్ ఉంది. ఫేడర్లు (ట్రాక్‌ల శబ్దస్థాయిని పెంచి తగ్గించే జారుడు మీటలు), ప్లగిన్లు (ధ్వనిని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) అన్నీ దాని మీద వేలితోనే నడుపుతాము. కొంతకాలంగా ఉదయం గది తెరిచేసరికి అద్దం లోపలి వైపు, కింది మూల దగ్గర, ఆవిరి పట్టినట్టు మసక కనిపిస్తోంది. పైనుంచి తుడిస్తే పోవడం లేదు. మానిటర్ ఆన్ చేసి కొంతసేపు ఉంచితే తగ్గుతోంది గాని, అది తగ్గే సమయంలోనే ఎవరూ తాకకుండా ఫేడర్లు వాటంతటవి కదులుతున్నాయి. దాని మీద నీళ్లు ఒలికిన సందర్భం లేదు. రాత్రి పని ముగిశాక ఏసీ ఆపి, గది గాలి మారడం కోసం తలుపు తీసి ఉంచుతాము.

ఇది ప్యానెల్ (అద్దం వెనుక చిత్రం చూపే భాగం) లోపమా, లేక గది వాతావరణం వల్ల వస్తున్నదా? వెనుక మూత విప్పి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టవచ్చా? మిక్సింగ్ పని మధ్యలో ఉన్నందువల్ల ఈలోగా దానిని వాడుకునే మార్గం ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

మొదటి సమాధానం

మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే కారణం గదిలోనే ఉందండి. ఏసీ చల్లదనానికి మానిటర్ అద్దం, లోపలి లోహపు చట్రం బాగా చల్లబడి ఉంటాయి. ఏసీ ఆపిన వెంటనే తలుపు తీస్తే బయటి తేమ గాలి వచ్చి, వెనుక ఉన్న గాలి రంధ్రాల గుండా లోపలికి చేరి, ఆ చల్లని అద్దాన్ని తాకి నీరుగా మారుతుంది. చల్లని నీళ్లు పోసిన గ్లాసు బయట చెమర్చడం కూడా ఇలాంటిదే. ఉదాహరణకు 28 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలి సుమారు 23 డిగ్రీల ఉపరితలాన్ని తాకగానే నీరు పట్టడం మొదలవుతుంది. మీ ఏసీ 21 లేదా 22 డిగ్రీల దగ్గర ఉంటే ఆపిన మానిటర్ లోపలి అద్దం ఆ 23 డిగ్రీల కంటే చల్లగా ఉండవచ్చు కాబట్టి అక్కడ తేమ పట్టడంలో వింత లేదు.

హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు. చాలా ఎల్‌సీడీ ప్యానెళ్లను 60 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచకూడదు. డ్రయ్యర్ గాలి ఒకే చోట తగిలితే ఆ హద్దు తేలికగా దాటిపోతుంది. అప్పుడు పోలరైజర్ (కాంతిని వడకట్టే) పొర అంటు వదలవచ్చు, వెనుక ఉన్న పలుచని కాంతి పొరలు ఉబ్బి వంకర తిరగవచ్చు. తేమ తానుగా ఆరిపోయేది, ఈ నష్టం మాత్రం శాశ్వతంగా ఉండిపోయేది.

మూత విప్పడం కూడా నేను సలహా ఇవ్వను. పవర్ సప్లై లోపలే ఉన్న మానిటర్లలో ప్లగ్ తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. పైగా కాంతి పొరల మధ్య ఒక్క ధూళి కణం చేరినా అది తెర మీద మచ్చగా కనిపిస్తూనే ఉంటుంది.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఫేడర్లు కదలడం గురించి కొంత వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే స్టూడియోలో అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

మీది కెపాసిటివ్ టచ్ అయి ఉండాలి. ఈ రకంలో అద్దం వెనుక ఉన్న సన్నని వాహక గీతల మధ్య కెపాసిటెన్స్‌ను (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణాన్ని) కంట్రోలర్ నిరంతరం కొలుస్తూ, వేలు దగ్గరికి వచ్చినప్పుడు కలిగే మార్పును స్పర్శగా లెక్కిస్తుంది. ఈ కెపాసిటెన్స్‌ను పెంచే గుణమైన పర్మిటివిటీ నీటికి గాలి కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ కావడం వల్ల, ఆ గీతల పక్కన పట్టిన పలుచని తడి కూడా ఆ కొలతను మార్చేస్తుంది. ఆన్ చేసిన వేళ తడితో ఉన్న స్థితినే కంట్రోలర్ మామూలు స్థితిగా తీసుకుంటే, తడి ఆరుతున్న కొద్దీ వచ్చే తేడాలు దానికి స్పర్శలుగా తోస్తాయి. మసక తగ్గే సమయంలోనే ఫేడర్లు కదలడానికి ఇదే కారణం కావచ్చు.

టచ్ సంకేతం సాధారణంగా యూఎస్‌బీ తీగ ద్వారా, చిత్రం వేరే తీగ ద్వారా వెళతాయి. కాబట్టి యూఎస్‌బీ తీగను తీసేస్తే టచ్ ఆగిపోతుంది, తెర మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. మౌస్‌తో పని సాగించవచ్చు. అయితే మానిటర్‌ను ఆన్ చేసి ఇలా వాడడం మసక పూర్తిగా పోయిన తరువాతనే చేయాలి. తడి ఉండగా విద్యుత్తు పారితే బోర్డుల మీది సన్నని లోహపు దారులు తుప్పు పట్టడమే కాక, లోహం కరిగి పక్క దారి వైపు పాకి షార్ట్ కావచ్చు. మీరు ప్రతి ఉదయం మానిటర్ వేడితోనే తేమను ఆరబెడుతున్నారు కనుక ఈ అలవాటును ముందు మానుకోవాలని నా గట్టి మనవి.

మరొక జాగ్రత్త. ఆటోమేషన్ (ఫేడర్ల కదలికలను నమోదు చేసి మళ్లీ నడిపే సదుపాయం) రైట్ (Write), టచ్ లేదా లాచ్ అనే నమోదు చేసే మోడ్‌లలో ఉంటే ఈ దొంగ కదలికలన్నీ సెషన్‌లో (మిక్సింగ్ పని ఫైలులో) నమోదైపోతాయి, ఏ ట్రాక్‌లో ఏమి మారిందో తరువాత వెతకడం చాలా కష్టం. అన్ని ట్రాక్‌లనూ కొత్త కదలికలు నమోదు కాని రీడ్ మోడ్‌లో పెట్టి, సెషన్‌ను వేరే పేరుతో కూడా భద్రపరచండి. స్పీకర్ల శబ్దస్థాయిని తెర మీద కాకుండా, చేత్తో తిప్పే నాబ్ ఉన్న పరికరంతో నియంత్రించడం చెవులకూ స్పీకర్లకూ క్షేమం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. యూఎస్‌బీ తీగ తీసేశాను, రెండవ మానిటర్ మీద పని సాగిస్తున్నాము. విప్పకుండా ఆరబెట్టే పద్ధతి చెప్పగలరా? అలాగే, అద్దానికీ ప్యానెల్‌కూ మధ్య గాలి సందు ఉన్నదీ లేనిదీ బయటినుంచి తెలుసుకోవచ్చా?

మూడవ సమాధానం

సందు ఉందో లేదో చూడడానికి మానిటర్ ఆపి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా వేయండి. అద్దం మీది ప్రతిబింబం పక్కనే దాదాపు అంతే ప్రకాశంతో మరొకటి విడిగా కనిపిస్తే మధ్యలో గాలి సందు ఉన్నట్టు. అద్దాన్ని ప్యానెల్‌కు జిగురు పొరతో అతికించిన మానిటర్లలో ఆ రెండవ ప్రతిబింబం చాలా తక్కువ వెలుగుతో కనిపిస్తుంది. వాటిలో ఆ మధ్యన తేమ పట్టడానికి ఖాళీయే ఉండదు. కొత్తది కొనేటప్పుడు ఈ రకాన్నే ఎంచుకోవడం మంచిది.

ఆరబెట్టడానికి, అన్ని తీగలూ తీసి మానిటర్‌ను నిటారుగా నిలబెట్టండి. పడుకోబెడితే నీటి బిందువులు కాంతి పొరల మధ్యకు పాకవచ్చు. పెద్ద ప్లాస్టిక్ సంచిలో తేమను పీల్చే సిలికా జెల్‌తో పాటు దండిగా పెట్టి మూతి బిగించి, గది వెచ్చదనంలోనే ఉంచండి. చల్లని చోట తేమ త్వరగా బయటికి రాదు. రంగు మారే రకం జెల్ అయితే అది ఎప్పుడు నిండిందో చూసి మార్చుకోవచ్చు. సంచిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కూడా వేస్తే, జెల్ మార్చాక కూడా అందులోని తేమ శాతం మళ్లీ పెరగకుండా నిలకడగా ఉన్నప్పుడు మానిటర్ ఆరినట్టు తెలుస్తుంది. మసక పోయినంత మాత్రాన లోపల అంతా ఆరిందని అనుకోకండి. తరువాత ముందు మానిటర్ ఆన్ చేసి, ఆ పిమ్మట యూఎస్‌బీ కలిపితే టచ్ కంట్రోలర్ కొత్తగా మొదలవుతుంది.

మసక ఎప్పుడూ కింది మూలలోనే వస్తుండడం చూస్తే నాకు మరొక అనుమానం కూడా కలుగుతోంది. వాలుగా ఉన్న తెర మీద శుభ్రపరిచే ద్రవాన్ని నేరుగా చల్లితే అది జారి కింది అంచు సందులోకి పోతుంది. మీ దగ్గర ఎవరైనా అలా తుడుస్తుంటే, ద్రవాన్ని గుడ్డ మీదే చల్లి తుడవమనండి.

ఇక గది సంగతి. రాత్రి పని ముగిశాక ఏసీ ఆపండి గాని, వెంటనే తలుపు తీయకండి. గది, పరికరాలు బయటి వేడికి దగ్గరయ్యేదాకా మానిటర్‌ను ఆన్‌లోనే ఉంచి, ఆ తరువాత గాలి మార్చండి. అంతకంటే మేలు, రాత్రంతా తలుపు మూసే ఉంచి గాలిలోని తేమను తీసే డీహ్యుమిడిఫయర్ నడపడం. మనిషి ఊరికే కూర్చున్నా గంటకు సుమారు 50 గ్రాముల నీటిని శ్వాస, చెమటల రూపంలో గాలిలోకి వదులుతాడు కాబట్టి, శబ్దం చొరకుండా మూసిన గదిలో నలుగురు గాయకులు పాడితే తేమ చాలా త్వరగా పెరుగుతుంది. ఏసీ గాలి నేరుగా మానిటర్ వీపుకు తగులుతుంటే దాని దిశ మార్చండి. గదిలో తేమను 40 నుంచి 55 శాతం మధ్య ఉంచగలిగితే మానిటర్‌కే కాక, కండెన్సర్ మైకులకూ చెక్క వాద్యాలకూ కూడా అది అనుకూలమే.

ఆరిన తరువాత కూడా వెలుగులో అంచులు గల మచ్చ ఒకటి కదలకుండా మిగిలితే, అది తేమ కాదు, కాంతి పొరల మీద ఎండిపోయిన మరక. దానిని ఆరబెట్టి పోగొట్టలేము. ఆ పొరలు మార్చగల మరమ్మతుదారుకు చూపించాల్సిందే.